రంగు సీసా పట్టుకుంటారు సరే, ఎసెన్స్ సీసా సంగతేంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎండాకాలం వస్తే చాలు జిల్లా పేజీలో ఒక ఫోటో గ్యారంటీ. ఫుడ్ సేఫ్టీ వాళ్ళు ఏదో బండి దగ్గర నిలబడి ఎర్ర షర్బత్ సీసా ఎత్తి పట్టుకుని ఉంటారు, పక్కన బండి అతను బిక్కమొహం వేసుకుని ఉంటాడు. ఆ తనిఖీలు వద్దని నేనట్లేదు, జరగాల్సిందే. 2024 ఫిబ్రవరిలో పీచు మిఠాయిలో రోడమిన్-బి అనే రంగు దొరికిందని, అది బట్టలకి వేసే రంగని, తమిళనాడు వాళ్ళు అమ్మకమే ఆపేశారు గదా, అట్లాంటివి పట్టుకోకపోతే ఎట్లా. కానీ ఆ ఎర్ర సీసా పక్కనే చిన్న ఎసెన్స్ సీసా ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ ఎత్తి చూపించరు, ఫోటోలోకి కూడా రాదు. ఈ ఉత్తరం ఆ సీసా గురించి.

నేను కావలిలో సోడాలు, షర్బత్ అమ్ముకునే మనిషిని. డిగ్రీలో కెమిస్ట్రీ చదివా, ఉద్యోగం రాలా, నాన్న షాపే చూసుకుంటున్నా, అందుకని ఈ ఎసెన్సుల సంగతి పుస్తకం వైపు నుంచీ తెలుసు, గల్లాపెట్టె వైపు నుంచీ తెలుసు. ముందే చెప్తున్నా, ఎసెన్స్ అంటే విషం అని రాసే రకం కాదు నేను. "ఐస్‌క్రీమ్‌లో కెమికల్ ఉంది, పది మందికి పంపండి" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజీలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అరటిపండు వాసన ఐసోఅమైల్ ఎసిటేట్, అది పండులోనూ ఉంది సీసాలోనూ ఉంది. పైనాపిల్ ఎసెన్స్‌లో ముఖ్యమైంది ఇథైల్ బ్యుటిరేట్, అదీ అంతే. వెనిలాకి ప్రాణం వెనిలిన్, దాన్ని 1874లోనే జర్మనీలో ఇద్దరు కెమిస్టులు ల్యాబ్‌లో తయారు చేశారు, అప్పటి నుంచి లోకం తింటానే ఉంది. మా షాపులో నన్నారి వేర్ల వాసన ఉంది చూడండి, అది కూడా వెనిలిన్‌కి తోబుట్టువే, అవే ఆటమ్‌లు, అమరిక ఒక్కటే వేరు. కాబట్టి కెమికల్ అనే మాట పట్టుకుని భయపెట్టడం, భయపడటం రెండూ దండగ.

మరి ఇవి తినొచ్చని ఎవరు తేల్చారు, ఎట్లా తేల్చారు అనేది తెలుసుకోవాల్సిన విషయం, నాకు తెలిసినంత మేర చెప్తా. అమెరికాలో 1958లో ఒక చట్టం వచ్చింది, ఆహారంలో కలిపే కొత్త పదార్థానికి ముందు ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి అని. అందులోనే ఒక సందు పెట్టారు, నిపుణులంతా సురక్షితమని ఒప్పుకున్నవాటికి ఆ అనుమతి అక్కర్లేదు. ఆ సందులోంచి ఫ్లేవర్ కంపెనీల సంఘం ఫెమా 1960లో సొంతంగా ఒక నిపుణుల ప్యానెల్ పెట్టుకుంది, 1965లో మొదటి లిస్టు వదిలింది, అప్పటి నుంచి లిస్టు పెరుగుతానే ఉంది. నిపుణులు నిజంగా నిపుణులే, కాదనలేం, కానీ ఆ ప్యానెల్‌కి ఖర్చు పెట్టేది ఆ పరిశ్రమే. పరీక్ష రాసేవాడే పేపర్ దిద్దేవాళ్ళకి జీతం ఇచ్చినట్టు ఉంటుంది వ్యవహారం. ఆ దేశంలో కూడా దీని మీద గొడవ ఎప్పుడూ ఉంది, 2025 మార్చిలో అక్కడి ఆరోగ్య మంత్రి ఈ సొంత సర్టిఫికెట్ పద్ధతి ఎత్తేసే దారి చూడమని తిండి, మందుల సంగతి చూసే వాళ్ళ ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏకి చెప్పాడు కూడా. ఇది కాకుండా ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ కలిసి 1956 నుంచి నడిపే జెక్ఫా అనే కమిటీ ఉంది, అది కూడా ఒక్కో ఫ్లేవర్‌ని పరిశీలిస్తుంది. యూరప్ వాళ్ళు ఇంకొంచెం గట్టిగా 2012లో ఒక జాబితా చేశారు, 2100కి పైగా పదార్థాలు, జాబితాలో లేనిది వాడకూడదు. అక్కడితో వదిలేయలేదు కూడా, చిప్స్‌కి మాంసానికి పొగ వాసన ఇచ్చే స్మోక్ ఫ్లేవర్లు 8 రకాలు జన్యువులకి హాని చేసే అనుమానం ఉందని తేలేసరికి 2024లో వాటి అనుమతి పొడిగించకుండా ఆపేశారు.

మన దగ్గర 2006 నాటి ఫుడ్ సేఫ్టీ చట్టం, దాని కింద 2011 నాటి రెగ్యులేషన్లు. ఫ్లేవర్ల దగ్గరికొచ్చేసరికి ఇందులో ప్రధానంగా కనిపించేది వాడకూడని వాటి పట్టిక, అది అర పేజీ కూడా ఉండదు. కొమారిన్, టోంకా గింజ, సాఫ్రోల్, థుజోన్, ఎస్ట్రగోల్, యూజెనైల్ మిథైల్ ఈథర్, బీటా అసరోన్, ఇట్లా ఇంకొన్ని. తమాషా ఏందంటే వీటిలో చాలా భాగం ఫ్యాక్టరీలో పుట్టినవి కావు, చెట్టూచేమల్లోవే. బీటా అసరోన్ ఉండేది దేంట్లో అనుకున్నారు? వస కొమ్ములో. మన ఇళ్ళలో పసిబిడ్డకి మాటలు బాగా రావాలని సానరాయి మీద అరగదీసి నాలిక మీద రాస్తారే, ఆ వసే. అమెరికాలో ఆహారంలో వస వాడకం 1968లోనే ఆపేశారు. మా అమ్మతో ఈ మాటంటే ఇంట్లో యుద్ధమే, అది వేరే సంగతి. అట్నే కొమారిన్. మనం కిరాణా కొట్లో దాల్చిన చెక్క అని కొనేది చాలావరకు కాసియా అనే మందపాటి చెక్క, అందులో కొమారిన్ ఎక్కువ, సిలోన్ చెక్కలో చాలా తక్కువ. యూరప్ వాళ్ళ లెక్క ప్రకారం మనిషి బరువు కిలోకి రోజుకి 0.1 మిల్లీగ్రాము కొమారిన్ వరకు పర్లేదు, అంటే 15 కిలోల పిల్లవాడికి 1.5 మిల్లీగ్రాములు. కాసియా చెక్క పొడి అర గ్రాములో దాదాపు అంత ఉంటుంది. ఏదో ఒకరోజు ఎక్కువైతే ఏమీ కాదు, రోజూ అదేపనిగా తింటేనే కొందరికి లివర్ మీద పడుతుంది. న్యాచురల్ అని రాసుంటే కళ్ళు మూసుకుని తాగేసేవాళ్ళు ఈ పట్టిక ఒకసారి చూడాలి.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తా. ఈ కమిటీలు, ప్యానెళ్ళు, లిస్టులు అన్నీ నిలబడి ఉన్నది ఒక్క దాని మీద, మోతాదు. ఫ్లేవర్ అనేది ఆహారంలో అతి కొంచెం వాడతారు అనే నమ్మకం మీదే మొత్తం లెక్క కట్టారు. 1978లో క్రామర్ అనే సైంటిస్టు వాళ్ళు పదార్థాల్ని వాటి నిర్మాణాన్ని బట్టి మూడు తరగతులు చేశారు, ఆ తరగతుల మీద తర్వాత వాళ్ళు అంకెలు కట్టారు, మనిషికి రోజుకి మొదటి తరగతివి 1800 మైక్రోగ్రాములు, రెండోవి 540, మూడోవి 90, అంతకన్నా తక్కువ లోపలికి పోతుంటే పెద్దగా దిగులు పడక్కర్లేదు అని. జెక్ఫా వాళ్ళు ఫ్లేవర్లని చూసే పద్ధతిలో ఈ అంకెలే మెట్లు. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు, గుర్తుంచుకోండి. ఫెమా లిస్టులో కూడా ఒక పదార్థం సురక్షితం అంటే ఊరికే సురక్షితం అని కాదు, ఫలానా రకం తిండిలో ఫలానా మోతాదు దాకా అని.

మరి ఆ మోతాదు ఈడ ఎవరు కొలుస్తున్నారండీ? పెద్ద కంపెనీలో మిషన్ కొలుస్తుంది, సరే. నెల్లూరు ట్రంక్ రోడ్డులో బండి మీద, ఒంగోలు బస్టాండ్ దగ్గర, ఊళ్ళో పుల్ల ఐసు కట్టే షెడ్డులో కొలిచేది మూత. మూత అంటే ఏ మూత? ఎసెన్స్ సీసా మూత ఒక సైజు, వాటర్ బాటిల్ మూత ఇంకో సైజు. మామూలుగా ఎసెన్స్ వాళ్ళు లీటరుకి ఒకటి రెండు మిల్లీలీటర్లు అని చెప్తారు, అదీ సీసా మీద ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాల్లో. దాని మీద ఇంకో తంటా, చల్లగా ఉన్నదాంట్లో వాసన సరిగ్గా పైకి రాదు, ఐసు కట్టేవాడికి వేసింది చాలనట్టు అనిపిస్తుంది, ఇంకో మూత పోస్తాడు. ఎండకి క్యాన్‌లో ఉన్న షర్బత్ మధ్యాహ్నానికి వాసన తగ్గిపోతుంది, ఇంకో మూత. ఎక్కువైతే చేదొస్తుంది కాబట్టి ఎవరూ మరీ ఎక్కువ పోయలేరు అని పుస్తకాల్లో రాస్తారు, నిజమే, కానీ చక్కెర పాకం, ఐసు రెండూ కలిస్తే ఆ చేదు చాలావరకు కప్పబడిపోతుంది, ఇది బండి మీద నిలబడ్డ ఎవర్ని అడిగినా చెప్తారు. అది తాగేది ఎవరు, ఎక్కువ భాగం బడి పిల్లలు. పెద్దవాడి బరువులో నాలుగో వంతు ఉండే పిల్లవాడు అదే గ్లాసు తాగుతాడు, రెండు తాగుతాడు.

రంగు విషయంలో ఒక అంకె ఉంది, అనుమతి ఉన్న సింథటిక్ రంగైనా మామూలుగా కిలోకి 100 మిల్లీగ్రాములు దాటకూడదని. ఆఫీసరు పట్టుకుంటే చూపించడానికి ఆ అంకె చేతిలో ఉంటుంది. ఫ్లేవర్లలో చాలావాటికి అట్లాంటి అంకె లేదు, అవసరమైనంత మేరకు మంచి పద్ధతిలో వాడాలి అనే మాటే. అవసరం ఎంత అనేది మళ్ళీ మూత చేతిలోకే వచ్చింది. ఇంకోటి, రంగు కంటికి కనిపిస్తుంది, తిరిగే ల్యాబ్ వ్యాన్‌లో కూడా చిన్న టెస్టుతో పట్టొచ్చు. వాసనలో ఏముందో తేల్చాలంటే ఆవిరి చేసి ఒక్కో పదార్థాన్నీ విడదీసి చూపించే గ్యాస్ క్రొమటోగ్రఫీ మిషన్ కావాలి, దాన్ని నడిపే మనిషి కావాలి, టైమ్ కావాలి. ఆఫీసర్లది తప్పని నేననను, ఉన్న కొద్దిమంది ఎన్ని మండలాలు తిరుగుతారు, వాళ్ళకి తేలిగ్గా కేసు నిలబడేది రంగు, దాని వెంటే పోతారు.

ఎసెన్స్ సీసాలో వాసన పదార్థం కొంచెమే, మిగతాదంతా దాన్ని కరిగించే ద్రవం, అంటే సాల్వెంట్, అని చాలామందికి తెలియదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, ఆల్కహాల్, ట్రైఎసిటిన్, ఇట్లాంటివి. ఫుడ్ గ్రేడ్‌వి అయితే ఇబ్బంది లేదు. నాకు భయం ఉన్నది ఈడే. ప్రొపిలీన్ గ్లైకాల్‌కి చూట్టానికి, పోస్తే కారే తీరుకి ఒకే మాదిరి ఉండే ఇంకో ద్రవం డైఇథిలీన్ గ్లైకాల్, ధర తక్కువ, కిడ్నీలు తీసేస్తుంది. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వారాలో చిన్నపిల్లలు దగ్గు మందు తాగి చనిపోయింది దీనివల్లే, ఆ సిరప్ తయారైంది మనకి పక్కనున్న కాంచీపురంలో. 1986లో ముంబై జేజే ఆస్పత్రిలో గ్లిసరిన్‌లో ఇదే కలిసి 14 మంది పోయారు. మన ఫుడ్ రెగ్యులేషన్‌లో ఫ్లేవర్లకి సాల్వెంట్‌గా డైఇథిలీన్ గ్లైకాల్ వాడకూడదని స్పష్టంగా రాసుంది. రాసుంది సరే, చూసిందెవరు? మందుల కంపెనీలకి లైసెన్స్, ఇన్‌స్పెక్టర్, ఇన్ని ఉన్నా అది జరిగింది. ఎసెన్స్ హోల్‌సేల్‌లో అయిదు లీటర్ల క్యాన్ తెచ్చి చిన్న సీసాల్లోకి వొంపి అమ్మేవాళ్ళున్నారు, నేను కళ్ళారా చూశా, కొన్ని సీసాల మీద స్కెచ్ పెన్‌తో "పైనా", "రోజ్" అని రాసుంటుంది అంతే, లైసెన్స్ నంబర్ లేదు బ్యాచ్ లేదు ఎక్స్‌పైరీ లేదు. షాపుల పేర్లు రాయను, ఒక షాపు సంగతి కాదిది. అందులో చెడ్డది ఉందని కూడా నేను చెప్పట్లేదు, ఉందో లేదో తెలుసుకునే దారే లేకుండా అమ్ముతున్నారు అంటున్నా.

కలిపేవాళ్ళ సంగతి కూడా ఎవరికీ పట్టదు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ పనివాళ్ళకి ఊపిరితిత్తులు పూడుకుపోయే జబ్బు వచ్చిందని 2000లో బయటపడింది, కారణం వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్. తినే మోతాదులో దాని గురించి పెద్ద అభ్యంతరం లేదు, వెన్నలో సహజంగానే ఉంటుంది, కానీ వేడి తొట్టి మీద వంగి రోజూ దాని ఆవిరి పీల్చినోళ్ళు మంచాన పడ్డారు. మన బేకరీల వెనక గదుల్లో కిటికీ కూడా లేకుండా బటర్ ఎసెన్స్ కలిపే కుర్రాళ్ళకి కనీసం ఫ్యాన్ తిప్పమని చెప్పేవాళ్ళుండాలి.

లేబుల్ దగ్గరికొద్దాం. ప్యాకెట్ల మీద "ఫ్లేవర్ కలిపారు" అనే మాట ఉంటుంది, చట్టం ఫ్లేవర్లని మూడు రకాలు చేసింది, సహజమైనవి, సహజంలో ఉన్నదాన్నే ల్యాబ్‌లో తయారు చేసినవి, అసలు ప్రకృతిలో లేనివి. ఈ మూడో రకానికి మాత్రమే పేరు రాయాలి, మొదటి రెండింటికి రకం రాస్తే చాలు. ఉదాహరణకి ఇథైల్ వెనిలిన్ ప్రకృతిలో లేదు కాబట్టి పేరు రాయాలి, వెనిలిన్‌కి అక్కర్లేదు. ఇందులో నాకు న్యాయం కనిపించదు. ప్రకృతిలో ఉందా లేదా అనేదాంతో భద్రతకి సంబంధం లేదని పైన వస, చెక్క సంగతిలో చూశాం. 2018లో అమెరికా ఎఫ్‌డీఏ లిస్టు లోంచి ఆరు సింథటిక్ ఫ్లేవర్లు తీసేసింది, జంతువుల మీద భారీ మోతాదులో ఇస్తే క్యాన్సర్ వచ్చిందని, 1958 చట్టం ప్రకారం క్యాన్సర్ తెచ్చేదాన్ని ఎంత కొంచెమైనా ఆహారంలో కలపడానికి ఒప్పుకోరని. వాడే మోతాదులో మనుషులకి ప్రమాదం అని మాత్రం వాళ్ళు అనలేదు. ఆ ఆరింటిలో మిథైల్ యూజెనాల్ ఒకటి, మన నిషేధ పట్టికలో యూజెనైల్ మిథైల్ ఈథర్ అని ఉన్నది అదే, అది జాజికాయలో తులసిలో దేవుడిచ్చిందే ఉంటుంది. ఎవరికైనా ఏదైనా పడకపోతే డాక్టర్ దగ్గరికి పోయి "ఫ్లేవర్ తిన్నా" అంటే డాక్టర్ ఏం చేస్తాడు, ఏ ఫ్లేవరో తెలియాలి గదా. ప్యాకెట్ మీద చోటు లేదంటే క్యూఆర్ కోడ్ పెట్టండి, కూల్‌డ్రింక్ సీసా మీద లాటరీకి పెట్టగలిగినప్పుడు దీనికి పెట్టలేరా.

నిమ్మకాయ మాట చెప్పకుండా నెల్లూరోడు ఉత్తరం ముగిస్తే బాగోదు. పొదలకూరు, సైదాపురం, గూడూరు రైతులు కొన్ని సీజన్లలో కోత కూలి కూడా రాలేదని కాయలు చెట్టుకే వదిలేస్తారు, అదే రోజు పొదలకూరు సెంటర్లో నిమ్మకాయ బొమ్మేసిన డ్రింక్ ఐస్ బాక్స్‌లో చల్లగా అమ్ముడుపోతుంటుంది. అందులో కొన్నిటిలో పులుపు సిట్రిక్ యాసిడ్‌ది, అది చక్కెర మడ్డి మీద బూజు పెంచి తీసేది, వాసన సిట్రాల్, లిమోనీన్ లాంటివాటిది. తాగితే ఏం కాదు, కానీ పండు లేనప్పుడు పండు పేరో బొమ్మో వేసి జనం పొరబడేలా ఉంటే ఫలానా పండు ఫ్లేవర్ అని కొట్టొచ్చినట్టు రాయాలని రూల్ ఉంది. కొట్టొచ్చినట్టు ఎక్కడుంది చెప్పండి, సీసా వెనక్కి తిప్పి, ఫోన్ టార్చ్ వేసి చూడాలి. తప్పుడు లేబుల్‌కి చట్టంలో 3 లక్షల దాకా జరిమానా ఉంది. 2024 జూన్‌లో "నూటికి నూరు శాతం పండ్ల రసం" అనే మాట తీసేయమని కేంద్ర ఫుడ్ సేఫ్టీ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆర్డర్ ఇస్తే కంపెనీలకి గట్టిగానే తగిలింది, అట్లాంటిదే బొమ్మల విషయంలో కూడా కావాలి.

మామూలు మనిషి చేయగలిగేది ఏముంది అంటే చట్టంలో 40వ సెక్షన్ ఉంది, ఎవరైనా కొన్న తిండిని ఫీజు కట్టి ప్రభుత్వ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు, తేడా ఉందని తేలితే ఫీజు వాపసు. శాంపిల్ అందాక అనలిస్ట్ 14 రోజుల్లో రిపోర్ట్ ఇవ్వాలి. బాగానే ఉంది గానీ ఒక మెలిక పెట్టారు, కొనేటప్పుడే షాపువాడికి చెప్పాలంట, నేను దీన్ని టెస్ట్‌కి పంపుతున్నా అని. అట్లా చెప్పాక ఏ షాపువాడు ఆ సీసా ఇస్తాడు, లోపల్నుంచి ఇంకోటి తెచ్చిస్తాడు. ఈ సెక్షన్ రాసినాయన ఎప్పుడూ అంగడికి పోయి బేరం ఆడినట్టు లేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఒకటి, శాంపిల్ బండి దగ్గర కాదు హోల్‌సేల్ దగ్గర తీయండి. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక క్యాన్ టెస్ట్ చేస్తే దాన్నుంచి పోయిన వంద బండ్లు టెస్ట్ చేసినట్టే, పేదోడి బండి తిరగేయాల్సిన పని ఉండదు. అందులోనూ ముందు చూడాల్సింది సాల్వెంట్. విడిగా వొంపి అమ్మడం ఆపి, లైసెన్స్ 14 అంకెలు, బ్యాచ్, తేదీ ఉన్న సీసాలే అమ్మించండి. లీటరుకి ఎంత అనేది తెలుగులో కనిపించే అక్షరాల్లో ఉండాలి, సీసాతో పాటు దగ్గు మందుకి ఇచ్చే మాదిరి కొలత మూత ఇవ్వాలి, దానికి అర్ధ రూపాయి ఖర్చవుతుందేమో. బండ్లవాళ్ళకి ట్రైనింగ్ అని హాల్లో కూర్చోబెట్టి ఇంగ్లీషు స్లైడ్‌లు చూపిస్తే నిద్రపోతారు, కొలత మూత చేతికిచ్చి ఒకసారి కలిపి చూపిస్తే ఖర్చు తగ్గుద్దని వాళ్ళే వాడతారు.

మొహర్రంకి బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది, స్వర్ణాల చెరువు పొడుగునా షర్బత్ బండ్లు, ఐసు బండ్లు ఎన్ని ఉంటాయో మీ ఫోటోగ్రాఫర్లకి నాకన్నా బాగా తెలుసు. దానికి నెల ముందే హోల్‌సేల్ షాపుల్లో ఎసెన్స్ శాంపిళ్ళు తీసి, రిపోర్టులు పండగలోపే తెప్పించి, సాల్వెంట్ ఏంది, నిషేధ పట్టికలోవి ఏమైనా ఉన్నాయా అనే రెండు కాలమ్‌లతో మీ జిల్లా పేజీలో వేయించమని అధికారుల్ని మీ పేపర్ తరఫున అడగండి. మొదటి శాంపిల్ కావలిలో మా షాపు అలమారలోంచి తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు, అడ్రస్ కవరు మీద రాశా.

ఇట్లు,
సోడా షాపు నడుపుకునే మీ పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా.
(పేరు వేయొద్దని మనవి, హోల్‌సేల్‌లో రేపు నాకు సరుకు కావాలి)